రుమాలు కట్టిన చెయ్యి

మీ ఇంట్లో ఎడమచేతి వాటం పిల్లలున్నారా? ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే. లేకపోయినా చదవండి, రేపు మనవడో మనవరాలో ఎడమచేత్తో గరిటె పట్టుకున్నప్పుడు గుర్తుకొస్తాయి.

మాది చిలుకూరు. మావారు కూరగాయలు పండిస్తారు. నాది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. మా నాయనమ్మ "గా చెయ్యితోని తినొద్దు బిడ్డా" అని అన్నం ముద్ద లాగేసుకునేది. బళ్లో పలక ఎడమచేత్తో పడితే వేళ్ల మీద స్కేలు దెబ్బ. అలా కుడిచేత్తో రాయడం నేర్చుకుని, చేవెళ్లలో ఇంటర్ వరకు చదివాను. ఇప్పటికీ చపాతీలు వత్తడం, ముగ్గు పెట్టడం, ఉల్లిగడ్డ తరగడం అన్నీ ఎడమచేత్తోనే. జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు మాత్రం కత్తెర నా మాట వినదు. గుడ్డ నలుగుతుందే కానీ తెగదు. తప్పు నాదనుకునేదాన్ని. కత్తెరను కుడిచేతివాళ్ల కోసం చేస్తారని చాలా ఏళ్లకు తెలిసింది.

ఇన్ని పడ్డదాన్ని నా బిడ్డ విషయంలో ఏం చేశానో చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. దానికి నాలుగేళ్లప్పుడు చుట్టాల పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని ఎడమచేత్తో పప్పన్నం కలిపింది. "తల్లి నేర్పలేదా?" అని ఎవరో అన్నారు. మా అత్తమ్మ ముఖం చిన్నబోయింది. ఇంటికొచ్చి తెల్ల రుమాలుతో దాని ఎడమచెయ్యి మడిచి కట్టేశాను. వారం రోజులు! అది ఏడవలేదు. కట్టిన చేతిని చూసుకుంటూ, కుడిచేత్తో తింటూ సగం కింద పోసుకునేది. చివరికి మావారే విప్పేశారు. తినడం కుడిచేత్తో అలవాటైంది, రాత మాత్రం ఎడమచేతిదే.

తర్వాత గురుకులంలో సీటొచ్చింది. ఎనిమిదో తరగతిలో హాకీలో చేరింది. ఒకరోజు ఫోను చేసి, "అమ్మా, హాకీల ఎడమచేతి స్టిక్ ఉండదట. అందరూ ఒక్కతీరుగనే పట్టాల్నట" అంది. నా గుండె జారిపోయింది. మళ్లీ అదే కథా? మళ్లీ దాని చెయ్యి కట్టేస్తారా?

"అయితే మానెయ్. కోకో ఆడుకో" అన్నాను. అటునుంచి జవాబు లేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఫోనులో వాళ్ల నాన్నతోనే మాట్లాడింది.

మూడో ఆదివారం నేనే బయల్దేరి వెళ్లాను. పిల్లలు గ్రౌండులో ఉన్నారు. పీఈటీ మేడమ్‌తో నా బాధ చెప్పుకున్నాను. ఆమె నవ్వి నా చేతికే స్టిక్ ఇచ్చింది. "పట్టండమ్మా. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద" అంది. పట్టాను.

అప్పుడు విడమరిచి చెప్పింది. స్టిక్‌కు ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. చదును ఎప్పుడూ ఎడమపక్కకే. ఉబ్బు వైపుతో బంతి ఆడకూడదు. ఎడమచేతివాళ్లకని తిరగేసి చేసిన స్టిక్ ఆటలో ఒప్పుకోరు. అయితే పైనున్న ఎడమచెయ్యే స్టిక్‌ను తాళంచెవిలా తిప్పుతుంది. కుడిచెయ్యి కింద వదులుగా ఉండి దారి చూపుతుంది, కొట్టేటప్పుడు బలమిస్తుంది. "కుడిచేతి పిల్లలకు ఎడమచెయ్యి తిరగడానికే నెలలు పడుతుంది. మీ అమ్మాయికి ఆ పని వారంలో వచ్చింది" అంది మేడమ్.

నాకు నోట మాట రాలేదు. మేమేమో ఎడమచెయ్యి వద్దని కట్టేశాం. ఈ ఆటేమో అందరికీ ఒకే కర్ర ఇచ్చి, ఎడమచేతికి పెద్దపని అప్పజెప్పింది.

కష్టం లేదని కాదు. మా అమ్మాయిని ఎడమ అంచున ఆడించారు. బంతి కుడిపక్క నుంచి ఎడమకు కొట్టడం సులువు. ఎడమ అంచున పరుగెత్తేవాళ్లు గోలు ముందరికి పంపాలంటే ఎడమనుంచి కుడికి కొట్టాలి. అంటే పరుగులోనే ఒళ్లు తిప్పి బంతి వెనక్కి రావాలి, లేదా స్టిక్ మొన కిందికి తిప్పి చదునుతోనే కొట్టాలి. దీన్నే రివర్స్ అంటారు. 1984 ఒలింపిక్స్‌లో మన జట్టు కెప్టెన్ జాఫర్ ఇక్బాల్ ఈ ఎడమ అంచునే ఆడి పేరు తెచ్చుకున్నాడట.

ఆరోజు మ్యాచ్‌లో మా అమ్మాయి మొదట రెండుసార్లు బంతి గీత బయటికి పోగొట్టింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మూడోసారి స్టిక్ తిప్పి కొడితే బంతి గోలు ముందరికి పోయింది, ఇంకో పిల్ల లోపలికి నెట్టింది. మ్యాచ్ ఓడిపోయారనుకోండి! అయినా నా కడుపు నిండిపోయింది.

చెట్టుకింద టిఫిన్ విప్పి సకినాలు పెడుతూ అడిగాను, "చిన్నప్పుడు నీ చెయ్యి కట్టేసిన, గుర్తుందా?"

"ఉందమ్మా. తెల్ల రుమాలు" అంది. నా కళ్లల్లో నీళ్లు చూసి, "ఏం కాదులే, సకినాలు ఇంకో రెండు పెట్టు" అంది. ఎడమచెయ్యే చాపింది. పెట్టాను.

ఇంటికొచ్చి మా నాన్నకు చెబితే ఆయన ఎడ్ల సంగతి చెప్పారు. కాడికి వలపట అంటే కుడిపక్క ఎద్దు, దాపట అంటే ఎడమపక్క ఎద్దు. "దాపట అలవాటైన ఎద్దును వలపట కడితే కాళ్లు తడబడతయ్. కొడితే మొరాయిస్తది. నాలుగు దినాలు ఖాళీ కాడితోని తిప్పితే అదే నేర్చుకుంటది." ఎద్దు విషయంలో తెలిసిన ఓపిక బిడ్డ విషయంలో నాకెందుకు లేకపోయిందో!

పెద్దవాళ్ల సంగతే చూడండి. సచిన్ టెండూల్కర్ రాసేది ఎడమచేత్తో, బ్యాటింగ్ కుడిచేత్తో. స్మృతి మంధాన కుడిచేతి మనిషి, బ్యాటింగ్ ఎడమచేత్తో. హాకీలో మన ఆడపిల్లలు 1980 మాస్కో ఒలింపిక్స్‌లోనూ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ నాలుగో స్థానంలో నిలిచారు. మన నిజామాబాద్ యెండల సౌందర్య, ఉమ్మడి చిత్తూరు జిల్లా గోల్‌కీపర్ ఎతిమరపు రజని భారత జట్టుకు ఆడినవాళ్లే.

మా అమ్మాయి అంతదూరం వెళ్తుందో లేదో తెలియదు. సెలవులకు వచ్చినప్పుడు బాలాజీ గుడికి తీసుకెళ్తాను. తీర్థం కుడిచేత్తోనే పడుతుంది. అది మర్యాద, నోటితో చెబితే నేర్చుకుంది. మర్యాద నేర్పడానికి మాట చాలు, రుమాలు అక్కర్లేదు.

మీ పిల్లలు ఎడమచేత్తో రాస్తుంటే రాయనివ్వండి. వీలైతే ఎడమచేతివాళ్ల కత్తెర ఒకటి కొనివ్వండి. ఈమధ్య నేనూ ఒకటి కొనుక్కున్నాను. నలభై దాటాక మొదటిసారి జాకెట్టు గుడ్డ నలగకుండా తెగింది!