రంగనాయకమ్మ గారితో తగువు పడుతూనే చదువుతున్నాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము క్రోసూరు మండలం తండాల నుంచి, ఎరుకల, యానాది వాడల నుంచి వచ్చి డిగ్రీ హాస్టల్లో ఉంటున్న పిల్లలం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఏం చదవాలో చెప్పేవాళ్లు లేరు, దొరికింది చదివాం. అట్లా దొరికిన రచయితల్లో మాకు ఎక్కువ తగువు రంగనాయకమ్మ గారితోనే. ఎక్కువ ఇష్టం కూడా ఆవిడ రాతలంటేనే.

'రామాయణ విషవృక్షం' రాసిన ఆవిడని చాలామందికి తెలుసు. మా గదిలో గొడవ మాత్రం ఇంకో పుస్తకం మీద: 'దళిత సమస్య పరిష్కారానికి బుద్ధుడు చాలడు! అంబేద్కరూ చాలడు! మార్క్స్ కావాలి!' పేరు చూడగానే మాలో ఒకడు "నేను దీన్ని ముట్టను" అన్నాడు. అంబేద్కర్ వల్ల సీటొచ్చింది, స్కాలర్‌షిప్ వస్తోంది, ఆయన్నే చాలడంటే ఎట్లా అని వాడి కోపం. ఆ కోపంలో న్యాయముంది. దళిత రచయితలు కూడా ఆ పుస్తకాన్ని గట్టిగానే విమర్శించారు.

అయినా చదివాం. ఆవిడ చెప్పేది ఇది: కులం శ్రమ విభజన మీద నిలబడింది. మురికి పనులు కొందరికే అంటగట్టినంత కాలం అది పోదు. కొద్దిమందికి ఉద్యోగాలొస్తే వాళ్ల బతుకు మారుతుంది, మిగతావాళ్ల పని మారదు. దీన్ని కొట్టిపారేయలేకపోయాం. రేపు మాకు ఉద్యోగాలొచ్చినా, మిరపకాయ కోతకూ పత్తి తీతకూ పోయే మా వాడ అమ్మల కూలి అట్లాగే ఉంటుంది కదా.

ఒప్పుకోనిది ఎక్కడంటే, 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్ల మీద కూడా పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అట్లా పుట్టిందే. ఆ చట్టం 1952లో పోయింది. అందులో ఏం పని చేస్తున్నావని అడగలేదు, ఏ తెగలో పుట్టావనే చూశారు. బుట్టలల్లినా, కూలికి పోయినా దొంగ ముద్రే. పక్క సాలులో అదే కూలి చేసే వేరే కులం మనిషికి ఆ ముద్ర లేదు. మరి కూలి ఒక్కటే మారితే ముద్ర పోతుందా? ఇప్పటికీ ఊళ్లో ఏదన్నా పోతే చూపులు ముందు ఎటు తిరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు.

దీనికీ ఆవిడ వైపు నుంచి జవాబుంది. సెటిల్‌మెంటు జనాన్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీ పనిలో పెట్టారు, ముద్ర వేసింది చవక కూలీ కోసం కాదా అనొచ్చు. అక్కడ మళ్లీ మా వాదన మొదలు.

మాకు నచ్చేది ఇదే. చిన్న వాక్యాలు, ఇంట్లో మాట్లాడే తెలుగు. ఎదుటివాళ్ల మాట ముందు పెట్టి, తర్వాత ప్రశ్నిస్తారు. "మా మనసు నొచ్చుకుంది" అంటే అక్కడ చెల్లదు, కారణం చెప్పాలి. ముట్టనన్నవాడే ఇప్పుడు మాకంటే బాగా ఆవిడతో వాదిస్తున్నాడు.

పుస్తకం మా గదిలోనే ఉంది. కావాల్సినవాళ్లు తీసుకెళ్లండి. ఎక్కడ ఒప్పుకోలేదో పక్కన పెన్సిల్‌తో రాసి తిరిగివ్వండి.