సకినాలు చుట్టే రోజు

సంక్రాంతికి మీ ఇంట్లో ఏం వండుతారో చెప్పండి, మీది ఏ వైపో నేను చెబుతాను. అరిసెలంటే పోల్చుకోవడం కష్టం, అవి అంతటా ఉన్నాయి. "సకినాలు చుట్టినం" అన్నారంటే మాత్రం మీరు మావైపు వాళ్లే. కరీంనగరో, వరంగల్లో, ఆ చుట్టుపక్కల ఏ పల్లెటూరో అయివుంటుంది.

చుట్టినం అంటాం, చూశారా! ఆ వంటలో అసలు పనంతా చుట్టడంలోనే ఉంది మరి. ముందురోజు రాత్రి కొత్తబియ్యం నానబోస్తారు. తెల్లారి వడగట్టి, తడి ఉండగానే గిర్నీ పట్టించి జల్లిస్తారు. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు, కాస్త ఓమ, తగినంత ఉప్పు. పిండి గట్టిగా కలిపితే తీగ తెగుతుంది, పల్చనైతే నిలవదు. ఆ పదును కొలతల్లో చెప్పేది కాదు, చేతికి తెలియాలి.

ఇక ఉతికిన ధోవతి నేలమీద పరుస్తారు. ముందు పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతారు. ఆ తర్వాత మా అవ్వ చెయ్యి చూడాలి! నిమ్మకాయంత ముద్ద తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడుతూ వదిలేది. మెలితిరిగిన సన్నని తీగ బట్టమీద గుండ్రంగా దిగేది. ఒక చుట్టు, దాన్ని ఆనుకుని రెండోది, మూడోది, నాలుగోది. ఎక్కడా అతుకు కనిపించదు. నేను చుడితే రెండో చుట్టుకే తెగేది.

నాలుగైదు కిలోల పిండి ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అందుకే ముందురోజే కబురు వెళ్లేది: "వదినే, రేపు పొద్దుగాల మా ఇంట్ల సకినాలు, జర రా!" ఇవాళ వాళ్లు మన ఇంటికి, ఎల్లుండి మనం వాళ్లింటికి. పది చేతులు తిరుగుతుంటే ఊరి ముచ్చట్లన్నీ ఆ బట్ట చుట్టూనే. మధ్యలో ఎవరో ఒకరు, "పిండి ఆరిపోతాంది, జల్ది కానియ్యుండ్రి" అనేవాళ్లు. బట్ట తడి పీల్చుకున్నాక సకినాలను పళ్లెంతో మెల్లగా ఎత్తి నూనెలో వేస్తారు. ఎర్రబడనీయరు, తెల్లగా ఉండగానే తీస్తారు. కరకరమంటూ రోజులకొద్దీ నిలవుంటాయి. అందుకే బిడ్డ అత్తవారింటికి సారెలోనూ వెళ్తాయి, దుబాయిలో ఉన్న కొడుకు పెట్టెలోనూ వెళ్తాయి.

హైదరాబాద్ హలీంకు 2010లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు చాలా సంతోషం. సకినానికి అలా ఒక్క ఊరిపేరు తగిలించడం కష్టం, ఇంటింటిదీ కదా అది. ఇప్పుడు పిండివంటల దుకాణాల్లో కిలోల లెక్కన దొరుకుతున్నాయి. కొనుక్కోండి, చుట్టిన ఆడవాళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి.

కానీ ఈ సంక్రాంతికి ఇంట్లో ఒక్క కిలో బియ్యమైనా నానబొయ్యండి. పక్కింటివాళ్లను పిలవండి. పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. మొదట్లో చుట్టినవి తెగిపోతాయి, ఏం ఫర్వాలేదు. ఆ పిండిని తీసి మళ్లీ ముద్దచేసి చుట్టుకోవచ్చు.