మంగళాద్రికి ఒక పగటి యాత్ర

యాత్ర యనఁగా కాశీరామేశ్వరములే యని తలఁచి, తీరిక లేదని నిట్టూర్చువారు మనలోఁ బెక్కురు. విజయవాడకు సుమారు 12 కిలోమీటర్ల దూరముననే మంగళగిరి యున్నది. ఉదయమున వెడలి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

మే మిరువురము తెల్లవారుజామున బయలుదేరితిమి. కొండమీఁది పానకాలస్వామి దర్శనము పగటివేళనే. రాత్రి దేవతలు సేవింతురని విశ్వాసము. అర్చకులు బెల్లపు పానకమును శంఖముతో స్వామి నోటఁ బోయఁగా గుడగుడ ధ్వని యగును. మిగిలినది ప్రసాదముగా నిత్తురు. మెట్లెక్కిన యలసటకు దానిని మించిన యౌషధము లేదు.

దిగువ నరసింహాలయమునకు 11 అంతస్తుల గాలిగోపురమును రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు 1807–1809 నడుమఁ గట్టించెను. దాని యెత్తు 153 అడుగులు.

తిరుగుదారిలో ఉండవల్లి గుహలయందు ఏకశిలా శేషశాయిని దర్శించి, వెలుపలి చెట్టునీడను మూట విప్పితిమి. ముందురాత్రి కలిపిన పులిహోర చింతపండు, నూనెల బలముచేఁ జెడలేదు. పాలు విస్తారముగాఁ బోసి, కొంచెమే పెరుగు చేర్చిన దధ్యోదనము వేళకుఁ దోడుకొని కమ్మగా నుండెను. మావారే యాకులు పఱచి వడ్డించిరి; మేము కూర్చుండి భుజించితిమి.

పొయ్యిని వెంటఁ గొనిపోయిన గృహిణికి వనభోజనసుఖ మెక్కడిది? ఇల్లు ఒక పగలు తాళముతో నున్నచో మునిఁగిపోవున దేమియు లేదు. తీరిక దానంతట నది రాదు. ముందురాత్రి పులిహోర కలిపినచో వచ్చును.