రాజు, రాణి

ఉక్కునగరం నుంచి ఒకాయన అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. మూత తీస్తే రెండు నక్షత్ర తాబేళ్లు.

"రాజు రాణిని చంపేసేలా ఉన్నాడు డాక్టరు గారూ. తొలకరి పడ్డప్పట్నుంచీ ఇదే గొడవ. ఏటి చెయ్యాలండీ?"

రెంటినీ బల్లమీద పెట్టాను. రాజు తల లోపలికి లాక్కుని, డిప్ప ముందంచుతో రాణి పక్కను 'టక్' మని గుద్దింది. కొబ్బరిచిప్పలు కొట్టుకున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. వెంటనే ఇంకోటి.

రాణిని నిలువుగా ఎత్తి కిందిభాగం చూశాను. వెల్లకిలా ఎక్కువసేపు ఉంచకూడదు, లోపలి బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. పొట్ట డిప్ప నడుమ బొటనవేలు ఆనేంత గుంట. తోక పొడుగ్గా, మొదట్లో లావుగా, ఓ పక్కకి మడిచి ఉంది. ఆడదైతే డిప్ప చదునుగా, తోక పొట్టిగా ఉండేది.

"రాణి కాదండీ, ఇదీ రాజే."

"చిన్నగా ఉంది కదా అని..."

అందరిదీ ఇదే పొరపాటు. నక్షత్ర తాబేళ్లలో పెద్దది ఆడదే. అవి పిల్లలుగా ఉన్నప్పుడైతే నాకూ తెలీదు, అన్నిటి పొట్టా చదునే. అసలు ఆడో మగో తేల్చేది పొదిగిన వేడి. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకీ అంతే, ఇసుక బాగా కాగితే ఆడపిల్లలే ఎక్కువ.

వానాకాలం నక్షత్ర తాబేళ్లకి జతకట్టే కాలం, మగవాటికి పంతం పెరుగుతుంది. చిట్టడవిలో అయితే ఓడింది పొదలోకి తప్పుకుంటుంది. బాల్కనీలో ఎక్కడికి పోతుంది? గుద్దుళ్లకి తిరగబడి మండుటెండలో ఉండిపోతే ప్రాణమే పోతుంది.

తర్వాత మాట ఆయనకి నచ్చలేదు. వీటిని ఇంట్లో పెంచడం నేరం. 2022 సవరణతో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోకి ఎక్కాయి. అంతకుముందే, 2019లో, దేశాల మధ్య వీటి వ్యాపారాన్ని ఆపేశారు.

"శ్రీకూర్మం గుళ్లో ఉన్నాయి కదండీ! ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్నారు."

"కలిసొచ్చింది చూశాం కదా," అన్నాను. కటువుగానే అన్నాననుకుంటా. అటవీశాఖకి ఫోన్ నేనే కలిపి ఆయన చేతికిచ్చాను. వాళ్లు వచ్చేదాకా కొట్టుకోకుండా పెట్టె మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టాను.

ఆయన ఫోన్‌లో చిరునామా చెబుతుంటే, రాజు అట్టకి గుద్దుతూనే ఉంది.