స్వల్ప జాస్తి పెట్టన్నా

మడకశిర దాటి కాసేపటికి బోర్డుల మీద లిపి మారింది గానీ, బస్సులో మాట మారలేదు. పావగడ తాలూకా మ్యాపులో తుమకూరు జిల్లాది. చుట్టూ దాదాపు ఆంధ్రే. కండక్టరు టికెట్టు కన్నడంలో ఇచ్చి చిల్లర తెలుగులో అడిగాడు.

నేను వెతుక్కుంటూ వెళ్లిన రికార్డింగ్ గది శనిమహాత్మ గుడికి రెండు సందుల అవతల, ఎరువుల దుకాణం మేడమీద ఉంది. బోర్డు లేదు. గోడలకు బొంతలు, కింద పాత జంపఖానా. కోడిగుడ్ల అట్టలు మాత్రం లేవు. అవి శబ్దాన్ని ఆపవని గది యజమానికి తెలుసు. ఆయనే ఇంజనీరు, ఆయనే టీ తెచ్చేవాడు కూడా. ఆ రోజు శ్రావణ శనివారాలకు ఒక భజన పాట రికార్డు చేస్తున్నారు. ఒక చరణం తెలుగు, ఒక చరణం కన్నడ. పాడే అక్క, వంత పాడే ఇద్దరు ఆడపిల్లలు, డోలక్ వాయించే పెద్దాయన.

రికార్డింగ్ అనగానే ముందు ఫ్యాను ఆపేశారు. ఇదే తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అంత కరెంటు పక్కనే ఉన్నా, ఈ గదిలో మాత్రం మైకు తెరిస్తే ఫ్యాను తిరగకూడదు, దాని చప్పుడు మైకులో పడుతుంది. అయిదు నిమిషాల్లో అందరి చొక్కాలూ తడిసిపోయాయి.

మైకు చూద్దామని వెళ్లాను నేను. ఆయన నాకు చూపించింది మైకు కాదు, నాలుగు నాబ్‌లున్న అరచేతంత డబ్బా. హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్. సంగీతం ముందే తయారైన ట్రాక్. దాన్ని స్పీకర్లో వేస్తే మైకు అదీ పట్టేస్తుంది. అందుకని అందరి చెవులకూ మూతలున్న హెడ్‌ఫోన్‌లు తగిలిస్తారు. కంప్యూటరుకు కలిపిన ఆడియో ఇంటర్‌ఫేస్‌లో హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉంది. మనుషులు నలుగురు.

"మొదట్లో వైరు చీల్చి నలుగురికీ ఇచ్చేవాణ్ణి సార్. ఒకాయప్పకి చెవులు పగిలేవి, ఇంకొకాయమ్మకి ఏమీ వినపడేది కాదు" అన్నాడు. కారణం హెడ్‌ఫోన్‌లోనే ఉంది. ఒకటి 32 ఓములది, ఇంకొకటి 250 ఓములది. రెంటికీ ఒకే వోల్టేజీ అందితే 32 ఓములది దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ పవర్ లాగేస్తుంది. వినపడని వాళ్లకోసం పెంచితే, మోత పుట్టిన చెవిలో ఇంకా మోత. ఈ డబ్బాలో ఒక్కో హెడ్‌ఫోన్‌కూ విడి ఆంప్ ఉంది, విడి నాబ్ ఉంది. అంతే దాని గొప్ప. నలుగురికీ వెళ్లేది ఒకే మిశ్రమం. ఎవరి మోతాదు వాళ్లు తిప్పుకుంటారు. డోలక్ ఆయనకు తాళం టిక్కు ఎక్కువ కావాలి, అక్కకు తన గొంతు. ఇద్దరికీ వేర్వేరుగా కలిపి పంపాలంటే పెద్ద సరంజామా కావాలి. పెద్ద స్టూడియోల్లో ఉంటుంది, ఇక్కడ సర్దుకుంటారు.

మొదటి టేక్ మధ్యలోనే అక్క చెయ్యెత్తింది.

"నా గొంతు నాకే వినపడల్యా. స్వల్ప జాస్తి పెట్టన్నా."

"నీ గొంతు తగ్గలేదక్కా, పాట ఎక్కువైపోయింది. దాన్నే దించుతా ఉండు."

ట్రాక్ దించాడు, గొంతు ముట్టుకోలేదు. ఆమెకు చాలింది. ఈ ఒక్క పని చూడడానికే ఇంత దూరం రావచ్చనిపించింది. అడిగిందల్లా పెంచుకుంటూ పోతే చివరికి అన్నీ పెరిగి, మొదటి ఫిర్యాదు అలాగే మిగులుతుంది.

టీ వేళకు నన్నూ కూర్చోబెట్టాడు. ట్రాక్ మోత పెంచి పాడమన్నాడు. నాకు తెలియకుండానే అరిచాను. హోరులో మనిషి గొంతు దానంతటదే లేస్తుందని ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. తర్వాత నా గొంతునే నా చెవిలో పెంచాడు; ఈసారి గొణిగాను. అవతల వినేవాళ్లు పాడేవాళ్ల శ్రుతి తప్పిందంటారు, ఊపిరి లేదంటారు. తప్పు చాలాసార్లు చెవిలోకి వచ్చేదానిది. అప్పు చేసి మైకు కొనేవాళ్లెవరూ దీని గురించి అడగరని ఆయన బాధ.

ఇంకో చిక్కు ఆలస్యం. గొంతు కంప్యూటరులోకి వెళ్లి తిరిగి రావాలంటే, 44,100 రేటులో 256 శాంపిళ్ల బఫరు పెట్టినా పోనూ రానూ సుమారు 12 మిల్లీసెకన్లు. శబ్దం మీటరు దూరం పోవడానికి మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అంటే తన గొంతు నాలుగు మీటర్ల అవతలినుంచి వచ్చినట్టు. ఎముకల గుండా అది ముందే లోపల వినిపించి ఉంటుంది కాబట్టి పాడేవాళ్లకు తికమక. అందుకని గొంతును కంప్యూటరు దాకా పోనివ్వకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా డబ్బాకు మళ్లిస్తాడు.

రెండో టేక్‌లో అక్క ఒక చెవి తీసేసింది. గాలిలో తన గొంతు వింటేనే ఆమెకు నమ్మకం. ఆయన లేచి వెళ్లి, ఖాళీగా వేలాడుతున్న కప్పును చెవి వెనక ఎముకకు ఆనించి పెట్టాడు. లేకపోతే అందులోని టిక్కు టిక్కు మైకులో పడుతుంది. మిక్సింగ్‌లో దాన్ని తీయడం బియ్యంలో రాళ్లు ఏరడం కన్నా కష్టం.

డబ్బా మీద ప్రతి నాబ్ పక్కనా ఒక ఎర్రటి స్టిక్కర్ బొట్టు ఉంది. అది దాటి తిప్పకూడదు. 85 డెసిబెళ్లు ఎనిమిది గంటలు వినవచ్చు. ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేసేముందు నాలుగు నాబ్‌లూ సున్నాకు తిప్పుతాడు. ఒకసారి మరిచిపోయి ఠప్పుమన్న మోతకు ఒక పిల్ల హెడ్‌ఫోన్ విసిరి కొట్టిందట.

మూడో టేక్ ఓకే అయింది. అందరూ మెట్లు దిగుతుంటే ఆ డబ్బా వైపు మళ్లీ చూశాను. మూడు నాబ్‌లు బొట్టుకు ఇవతలే ఉన్నాయి. డోలక్ ఆయనది బొట్టు దాటి, చివరంటా తిరిగి ఉంది.