భుజం ఒప్పుకున్న తుపాకి

కిందటి వేసవిలో ఒక ఆదివారం తెల్లవారుజామున అమెరికా నుంచి మా అమ్మాయి కొడుకు ఫోను చేశాడు. వాడు కొలరాడో రాష్ట్రంలో పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు గాని, మా హోసూరు తెలుగులో కలిసిపోయిన కన్నడమూ అరవమూ వాడికి ఒక పట్టాన అంతుబట్టవు. క్షేమసమాచారాలు అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు.

"తాతయ్యా, మీరు చిన్నప్పుడు వేటకు వెళ్లేవారట గదా! నేనొక రైఫిలు కొందామనుకుంటున్నాను. జింకకూ, ఎల్క్‌కూ, అన్నిటికీ ఒకటే సరిపోవాలి. ఏ బోరు కొనమంటారు?"

నాకు నవ్వూ వచ్చింది, గుబులూ పుట్టింది. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వేట కట్టుబడిపోయింది. నేను తుపాకి ముట్టి యాభై యేళ్లు దాటింది. వాడుండే చోటి సంగతి వేరు. అక్కడ లైసెన్సు కొనుక్కుని, ఋతువు ప్రకారం వేటాడవచ్చు. 1949 జనవరి 1 తరువాత పుట్టినవాడెవడైనా ముందు వేటగాళ్ల పాఠం చదివి కార్డు తెచ్చుకోవాలి. అదంతా వాడు పూర్తి చేశాడట. ఎల్క్ అంటే మన కణితికి చుట్టం లాంటిది. మగది 700 పౌన్ల దాకా తూగుతుంది.

"నీ మనసులో ఏముందిరా?" అన్నాను.

"స్నేహితులందరూ .300 విన్‌చెస్టర్ మాగ్నమే కొనమంటున్నారు. ఒకడిది అడిగి కాల్చి చూశాను. బాగానే ఉంది. కొంచెం తంతుంది, అంతే."

ఆ "అంతే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అది వాడి గొంతు కాదు, 1964 నాటి నా గొంతు.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. మాది డెంకణికోట వైపు పల్లె. రాగి చేలు పక్వానికి వచ్చేసరికి అడవిపందులు రాత్రికి రాత్రే ఎకరాలకు ఎకరాలు కుళ్లగించిపోయేవి. రైతులు వచ్చి మా నాన్నగారినీ మేనమామనూ కావలికి పిలిచేవారు. నాన్నగారి దగ్గర బి.ఎస్.ఏ. కంపెనీవారి .315 రైఫిలు ఉండేది. అది ఏమంత గొప్ప తుపాకి కాదు. తెల్లవాళ్ల కాలంలో సైన్యం వాడే .303 బోరు మామూలు జనం ఉంచుకోకూడదు గనుక, అదే మోస్తరు తుపాకిని వేరే బోరులో చేసి ఇక్కడ అమ్మేవారు. మామయ్య దగ్గర మాత్రం దేశం విడిచిపోతున్న ఒక కాఫీతోట దొరగారి దగ్గర కొన్న .375 హాలెండ్ అండ్ హాలెండ్ ఉండేది. ఏనుగుకైనా చాలుతుంది. దాని మీద మోజు మా ఊరి కుర్రవాళ్లందరికీ ఉండేది. నాకు మరీ ఉండేది.

ఆ సంవత్సరం మామయ్య మూడు నాలుగు సార్లు ఒక మట్టిగోడ మీద దానిచేత కాల్పించాడు. మొదటి దెబ్బకే భుజం కమిలిపోయింది. అమ్మ ఉప్పు కాపడం పెడుతూ తిట్టింది. మామయ్య "ఎలా ఉందిరా?" అని అడిగితే, "కొంచెం తంతుంది మామయ్యా, అంతే" అన్నాను. నిజం చెబితే మళ్లీ చేతికి ఇవ్వడేమోనని భయం. ఆయన ముందు చిన్నబోవడం అంతకంటే పెద్ద భయం.

వారం తరువాత వెన్నెల రాత్రి మంచె మీద మామయ్యా నేనూ ఉన్నాం. ముప్పై గజాల్లో ఒక ఆడపంది పక్కవాటుగా నిలబడింది. అంతకంటే సులువైన గురి ఉండదు. మీట నొక్కేముందు కళ్లు మూసుకున్నానన్న సంగతి నాకు ఇప్పటికీ గుర్తే. గుండు ముందుకాళ్ల వెనక తగలవలసింది, దిగువగా పొట్టలో తగిలింది. పంది అరిచిన అరుపు చెప్పలేను. తెల్లవారాక నాన్నగారూ, జాడ తీసే ఒక ఇరుళ ముసలాయనా, నేనూ బయలుదేరాం. నెత్తురు చుక్కలు పట్టుకుని రోజంతా తిరిగాం. సాయంకాలం వంక పక్కన పొదలో కనబడింది. ఇంకా ప్రాణం ఉంది. నాన్నగారు తన .315తో ఒకే దెబ్బతో ముగించారు. ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

మరునాడు ఆయన మామయ్య తుపాకి అడిగి తెచ్చి, నన్ను మట్టిగోడ దగ్గరికి తీసుకుపోయారు. నాకు వీపు తిప్పి లోపల తూటా పెట్టి చేతికి ఇచ్చారు. కాల్చాను. మళ్లీ ఇచ్చారు. మీట నొక్కాను, "టక్" అని ఊరుకుంది. ఈసారి ఆయన పెట్టింది కాల్చేసిన ఖాళీ తొడుగు. తుపాకి పేలలేదు గాని, గొట్టం మూతి మాత్రం నా అంతట నేనే జానెడు కిందికి తోసేశాను. "చూశావా? తుపాకి తన్నకముందే నీవు దాన్ని తన్నుతున్నావు" అన్నారు. ఆ తరువాత నెలరోజులు గాలి తుపాకీ, ఆ పైన ఆయన .315. మామయ్యది మళ్లీ ముట్టలేదు.

ఈ కథంతా మనుమడికి చెప్పాను. వాడు వింటున్నాడో లేదో అనుకున్నాను గాని, "ఆ తన్నును లెక్క కట్టవచ్చు తాతయ్యా" అన్నాడు. ఇంజనీరు గదా! ఆ లెక్క నాకూ తెలుసు. గుండు బరువు, దాని వేగం, మందు బరువు ఒక పక్క, తుపాకి బరువు ఒక పక్క. ముందుకు ఎంత ఊపు పోతుందో వెనక్కీ అంతే వస్తుంది. ఒక పౌను బరువును ఒక అడుగు లేపే శక్తిని అడుగు-పౌను అంటారు. ఎనిమిది పౌన్ల తుపాకిలో .300 మాగ్నం 180 గ్రెయిన్ల గుండును పంపితే భుజానికి దాదాపు 26, 27 అడుగు-పౌన్లు తగులుతుంది. 1906 నాటి .30-06కు అదే గుండుతో 20. మా మామయ్య .375 తొమ్మిది పౌన్ల తుపాకి అయినా 40కి దగ్గర. 140 గ్రెయిన్ల గుండు వేసే 7 మిల్లీమీటర్ల తుపాకులు 12, 13 దగ్గరే ఆగుతాయి. బరువైన తుపాకి తక్కువ తంతుంది, కాని కొండ ఎక్కేటప్పుడు మోసేవాడికి తెలుస్తుంది. మడమకు రబ్బరు దిండు వేస్తే కొంత నయం. మడమ పొడుగు చేతికి సరిపోకపోతే మాత్రం ఏ లెక్కా పనికిరాదు.

మూతికి కన్నాల తొడుగు బిగిస్తే తన్ను తగ్గుతుందని వాడు అన్నాడు. తగ్గుతుంది, నిజమే. చప్పుడు మాత్రం చెవులు చిల్లులు పడేటట్లు పెరుగుతుంది. జంకు భుజంలోంచి వచ్చేది సగం, చెవిలోంచి వచ్చేది సగం. మా రోజుల్లో చెవులకు ఏమీ పెట్టుకునేవాళ్లం కాము. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. వాడి ఫోను కూడా కుడి చెవికే పెట్టుకుని వింటున్నాను.

"మరి ఎల్క్‌కు చిన్న గుండు చాలుతుందా?" అని వాడి సందేహం. కొలరాడో చట్టమే పెద్ద జంతువులకు .24 అంగుళాల బోరు చాలునంటుంది. నూరు గజాల దగ్గర గుండులో వెయ్యి అడుగు-పౌన్ల శక్తి మిగలాలి. 7 మిల్లీమీటర్లది అక్కడ రెండు వేల దాకా నిలుపుకుంటుంది. పెద్ద తుపాకుల కథలు మాకు కొత్త కాదు. మా జవళగిరి అడవుల్లోనే తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ దొరగారిది .405 విన్‌చెస్టర్. 300 గ్రెయిన్ల గుండు, గట్టిగా తన్నే తుపాకి. ఆయన భుజం ఆయనది. కాని జిమ్ కార్బెట్‌కు చంపావతి పులిని చంపినందుకు 1907లో బహుమానంగా ఇచ్చింది రిగ్బీవారి .275. ఇంగ్లీషువారు ఆ పేరు పెట్టారు గాని అది జర్మనీ మౌజర్ వారి 7 మిల్లీమీటర్లదే. 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది ఆ తుపాకితోనే. ఆఫ్రికాలో బెల్ అనే ఆయన వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపి, అందులో ఎక్కువ భాగం ఈ చిన్న బోరుతోనే కొట్టాడట. ఆ లెక్క చదివితే ఇప్పుడు కడుపులో దేవుతుంది. అయినా గుండు పరిమాణం కంటే అది తగిలే చోటు ముఖ్యమని తెలుస్తుంది గదా. ఏనుగుకు అది వాడమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. గురి కాస్త తప్పితే ఇద్దరికీ ప్రమాదమే.

ఇప్పుడు అమెరికాలో అదే లావు గుండు వేసే 7 ఎం.ఎం.-08 అనే బోరు ఉంది. రెమింగ్టన్ కంపెనీ 1980లో తెచ్చింది. .308 తొడుగు మెడ నొక్కి చేశారు. 6.5 క్రీడ్‌మోర్ అని 2007లో వచ్చినది ఇంకా కొంచెం మెత్తన. దూరానికీ బాగా పోతుంది. జింకలకే అయితే అదే చాలు. ఎల్క్ కూడా అంటున్నాడు గనుక నేను 7 ఎం.ఎం.-08 వైపు మొగ్గాను. .30-06 కూడా తప్పు కాదు, కొత్తవాడి భుజానికి అది అంచు మీద ఉంటుంది, అంతే. (నాకూ ఆ మాట అలవాటే సుమా!)

"కొనకముందు నాన్నగారి పరీక్ష పెట్టుకో" అన్నాను. అక్కడ తూటాల ఆకారంలోనే ఉండి పేలని బొమ్మ తూటాలు అమ్ముతారట. కాల్పుల మైదానంలో స్నేహితుడిచేత అసలువీ బొమ్మవీ కలిపి నింపించుకుని, ఏది పేలుతుందో తెలియకుండా కాల్చి చూడమన్నాను.

పది రోజులకు చిన్న సినిమా పంపాడు. .300 మాగ్నం చేతిలో ఉంది. మూడుసార్లు బొమ్మ తూటా పడింది, మూడుసార్లూ గొట్టం మూతి కిందికి ముక్కింది. చివరిసారి వాడి స్నేహితుడు నవ్వుతున్నాడు, వీడు నవ్వడం లేదు. నెలరోజులు .22 తుపాకితో సాధన చేసి, తరువాత 7 ఎం.ఎం.-08 అద్దెకు తీసుకుని కాల్చాడు. మొదట ఒకసారి జంకాడు, ఆ తరువాత బొమ్మ తూటా పడ్డా మూతి కదలలేదు. అదే కొన్నాడు.

అక్టోబరులో ఎల్క్ వేటకు వెళ్లాడు. నాలుగో రోజు రాత్రి ఫోను చేశాడు. మంచి మగ ఎల్క్ కనబడిందట, కాని నాలుగు వందల గజాలకు పైన ఉందట, గాలి కూడా అడ్డంగా కొడుతోందట. వాడు రెండు వందల యాభై గజాల దాకానే సాధన చేశాడు. "కాల్చలేదు తాతయ్యా" అన్నాడు. స్నేహితులు ఏమన్నారో నేను అడగలేదు. ఇంతలో మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "అక్కడ మంచు పడుతోందా నాయనా? చెవులకు గుడ్డ కట్టుకున్నావా?" అని మొదలుపెట్టింది.