అక్కరకు వచ్చే అందం: హనోయిలో పరదేశి, మోటారు సైకిలు

హనోయి నగరంలో తెల్లవారుతూనే ఇళ్ళ తలుపులు తెరుచుకొంటాయి. మనిషి కన్న ముందుగా మోటారు సైకిలు వీధిలోకి వస్తుంది. రాత్రంతా అది ముందు గదిలోనే, పూర్వీకుల పూజాపీఠానికీ భోజనాల బల్లకూ నడుమ, ఇంటి మనిషి వలెనే విశ్రమించి వుంటుంది. దానిని ఎక్కించడానికీ దించడానికీ వీలుగా గుమ్మం మెట్ల ప్రక్కనే ఒక చిన్న వాలు కట్టి వుంచుతారు. ఇంకొక గంట గడిచేసరికి వీధులన్నీ బండ్లతో నిండిపోతాయి. తండ్రి ముందు నిలబడిన పసివాడు, వెనుక సీటుకు కట్టిన పూలబుట్టలు, గాజు పలకను ఒడిసి పట్టుకొని కూర్చున్న పనివాడు, ఎండ సోకకుండా తల నుండి పాదాల వరకు కప్పుకొన్న యువతి - అందరూ ఒకే ప్రవాహమై సాగిపోతుంటారు. పది కోట్ల జనాభా గల వియత్నాంలో నమోదైన మోటారు సైకిళ్ళు ఏడు కోట్లను మించినవి.

ఈ నగరంలో కొంతకాలం కాపురముండడానికి వచ్చిన పరదేశి - ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు కావచ్చు, ఏదో కర్మాగారంలో ఇంజనీరు కావచ్చు - మొదటి వారం వీధి దాటడానికే జంకుతాడు. క్రమంగా కిటుకు తెలుస్తుంది. ఆగకుండా, పరుగెత్తకుండా, ఒకే నడకతో సాగిపోతే బండ్లే ప్రక్కకు తప్పుకొంటాయి. నెల తిరిగేసరికి తానూ ఆ ప్రవాహంలో కలవాలన్న కోరిక అతనికి కలుగుతుంది. ఏ బండి కొనాలన్న ప్రశ్న అప్పుడు ఎదురవుతుంది.

స్వదేశంలో బస్సులో ఆఫీసుకు పోయి వచ్చినవాడైనా సరే, పరదేశంలో తనను తాను కొత్తగా చూసుకోవాలని ఉబలాటపడతాడు. తనను ఎరిగినవారు అక్కడ ఎవరూ లేరు. ఏ వేషం వేసినా చెల్లుతుంది. కనుక అతని కన్ను మొదట వెతికేది అందాన్నే. ఆ అందం ఎంత ఖరీదైనదో ఆ తరువాత తెలుస్తుంది. 2024లో వియత్నాం రోడ్లపై ప్రమాదాలలో మరణించినవారు పదివేల పైచిలుకు. బండిని ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాకపోవచ్చు.

పేరుగా మిగిలిన బండి

అక్కడి వీధులలో అందరికన్న పెద్ద చరిత్ర గలది హోండా కబ్. 1958లో జపానులో పుట్టిన ఈ చిన్న బండికి మొదట వున్నది 49 సీసీల ఇంజను మాత్రమే. క్లచ్ పట్టనవసరం లేకుండా కాలితోనే గేరు మార్చవచ్చు. బురద చిమ్మకుండా కాళ్ళ ముందు ఒక కవచం వుంటుంది. లంగా తొడిగిన స్త్రీ అయినా, భోజనం పళ్ళెం ఒక చేత పట్టుకొన్న హోటలు కుర్రవాడైనా నడుపగలిగేలా దానిని రూపొందించారు. 2017 నాటికి ఈ కుటుంబానికి చెందిన బండ్ల ఉత్పత్తి పది కోట్లకు చేరింది.

1960ల ద్వితీయార్ధంలో, యుద్ధం సాగుతుండగానే, ఈ బండ్లు దక్షిణ వియత్నాంలోకి వెల్లువగా దిగుమతి అయ్యాయి. మన ఇళ్ళలో వనస్పతి అంతటినీ డాల్డా అన్నట్లే, సైగాన్ ప్రజలకు మోటారు సైకిలు ఏదైనా "హోండా" అయింది. కిరాయికి మనుషులను ఎక్కించుకొనే బండికి "హోండా ఓమ్" అని పేరు పెట్టారు. ఓమ్ అనగా కౌగిలి. వెనుక కూర్చున్నవాడు నడిపేవానిని పట్టుకొనక తప్పదు గదా! హోండా కంపెనీదే ఎస్.ఎస్. 50 అనే మరొక బండి అక్కడ "అరవై ఏడు"గా పేరుపడి, నేటికీ కుర్రకారుకు ప్రీతిపాత్రమై వున్నది.

యుద్ధానంతరపు కరవు రోజులలో కబ్ గల ఇల్లు సంపన్న గృహం. 1980లలో ఒక రకం కబ్‌కు "బంగారు ముల్లు, కన్నీటి బొట్టు" అనే ముద్దుపేరు వుండేది. కవిత్వం వలె వినిపించే ఈ పేరు ఆ బండి విడిభాగాల వర్ణన మాత్రమే. దాని వెలకు ఒక ఇల్లు వచ్చేదని హనోయి పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. 1986లో ఆర్థిక సంస్కరణలు మొదలైన తరువాత థాయిలాండు నుండి వచ్చిన హోండా డ్రీమ్ ఆ గౌరవాన్ని అందుకొన్నది. 1997 చివర హోండా కంపెనీ వియత్నాంలోనే తయారీ ఆరంభించింది. చవక చైనా బండ్ల పోటీకి సమాధానంగా 2002లో వేవ్ ఆల్ఫా వచ్చిన తరువాత మోటారు సైకిలు సామాన్యుని గడప తొక్కింది.

పరదేశికి ఈ చరిత్ర తెలియదు. అతనికి కబ్‌లో కనిపించేది పాతకాలపు ముచ్చట. స్థానికునికి మాత్రం అందులో తన తల్లిదండ్రుల కష్టార్జితం కనిపిస్తుంది.

రంగు వెనుక అతుకులు

కబ్ తరువాత పరదేశి చూపు నిలిచేది వెస్పాపై. ఇటలీలో పియాజియో కంపెనీ కొరకు 1946లో దీనిని రూపొందించిన కొరాడినో దస్కానియో విమాన ఇంజనీరు. మోటారు సైకిళ్ళంటే ఆయనకు సరిపడేది కాదు. కనుకనే ఇంజనును కప్పివేసి, నూనె మరకలు బట్టలకు అంటకుండా ఆ ఉక్కు శరీరాన్ని తీర్చాడు. మన దేశంలో బజాజ్ స్కూటరు కోసం ఏళ్ళ తరబడి వేచివున్న తరం వారికి ఆ ఆకారం చిరపరిచితం. 1960లలో బజాజ్ తయారుచేసినది లైసెన్సుపై వెస్పానే.

సైగాన్‌లో ఫ్రెంచివారి కాలం నుండి, ఆ తరువాతి దశాబ్దాల నుండి మిగిలిన పాత వెస్పాలు ఎన్నో వున్నవి. వాటికి మరమ్మతు చేసి, పుదీనా పచ్చ, పాలమీగడ రంగులు పూసి అమ్మే దుకాణాలూ వెలసినవి. నిజాయితీ గల పనివారి చేతిలో అవి మళ్ళీ ప్రాణం పోసుకొంటాయి. కాని వేరొక రకం పనీ జరిగింది. తుక్కుగా మారిన రెండు మూడు బండ్ల ముక్కలను కోసి, ఒకటిగా వెల్డింగు చేసి, లోపాలను లప్పంతో పూడ్చి, పైన మెరిసే రంగు పూసి విదేశాలకు సైతం ఎగుమతి చేశారు. ఐరోపా, అమెరికాలలోని స్కూటరు ప్రియుల సంఘాలు ఇటువంటి బండ్ల గురించి తమ సభ్యులను హెచ్చరించవలసి వచ్చింది. వెస్పాకు వేరుగా చట్రం లేదు. ఆ రేకు శరీరమే దాని వెన్నెముక. అతుకు వూడితే బండి నడిరోడ్డుపై రెండు ముక్కలవుతుంది.

అందువల్ల అనుభవజ్ఞులు పాత వెస్పాను కొనేటప్పుడు రంగును చూడరు. కాళ్ళు పెట్టుకొనే పలక అడుగుభాగాన్ని వంగి చూస్తారు, అయస్కాంతం పట్టి లప్పం ఎక్కడున్నదో కనిపెడతారు, తిన్నని రోడ్డుపై చేతులు సడలిస్తే బండి ప్రక్కకు లాగుతున్నదేమో పరీక్షిస్తారు. అంత తీరిక లేనివారు కొత్తదే కొనవచ్చు. పియాజియో 2009 నుండి హనోయికి చేరువలోని విన్ ఫుక్‌లో స్కూటర్లు తయారుచేస్తున్నది.

ముసలి గేదె

ఉత్తర కొండలపై మోజు గలవారికి మూడవ ఆకర్షణ మిన్స్క్. యుద్ధానికి ముందు జర్మనీ రూపొందించిన 125 సీసీ డి.కె.డబ్ల్యు. బండి నమూనాను సోవియట్ ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. 1951 నుండి బైలోరష్యాలోని మిన్స్క్ నగరంలో దాని తయారీ సాగింది. సోవియట్ స్నేహ కాలంలో అది వియత్నాం చేరింది. పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన రెండు స్ట్రోకుల ఇంజను అది. మన యెజ్డీని ఎరిగినవారికి దాని చప్పుడూ, నీలిపొగా కొత్తవి కావు. కొండ రైతులు దానిపై పందులనూ, ధాన్యపు బస్తాలనూ, కట్టెలనూ మోసుకుపోయేవారు. ముద్దుగా "ముసలి గేదె" అని పిలిచేవారు. పానా ఒకటీ, ఇనుపతీగ ముక్క ఒకటీ వుంటే దానిని బాగుచేయవచ్చునని వారి నమ్మకం.

2008 చివర బి.బి.సి. వారి మోటారు కార్యక్రమం ఒకదానిలో ముగ్గురు ఇంగ్లీషువారు వెస్పా, కబ్, మిన్స్క్‌లపై దక్షిణం నుండి ఉత్తరానికి ప్రయాణించారు. అప్పటి నుండి దేశమంతా బండిపై చుట్టిరావాలన్న ఉత్సాహం పర్యాటకులలో పెరిగింది. సముద్ర మట్టానికి 496 మీటర్ల ఎత్తున వున్న హాయ్ వాన్ కనుమ వారికి తీర్థయాత్ర వంటిదయింది. 2005లో సొరంగమార్గం తెరిచినా మోటారు సైకిళ్ళకు అందులో ప్రవేశం లేదు. బండి నడుపుకొంటూ పోవాలంటే కొండ ఎక్కాలి, ఎక్కినందుకు విచారించినవారూ లేరు.

అయితే మిన్స్క్ అందం కొండలకే తగినది. నగరంలో అది పొగ కక్కుతుంది. దాని రోగం తెలిసిన వైద్యులు ఏటేటా తగ్గిపోతున్నారు.

కాగితాల సంగతి

బండి నచ్చిన వెంటనే పరదేశి మరచిపోయేది కాగితాలను. 1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ పర్మిట్టును వియత్నాం గుర్తిస్తుంది. మన దేశంలో ఇచ్చేది 1949 నాటి ఒప్పందాన్ని అనుసరించినది. అక్కడ అది చెల్లదు. చాలాకాలం నివసించదలచినవారు స్వదేశపు మోటారు సైకిలు లైసెన్సును వియత్నాం లైసెన్సుగా మార్పించుకోవాలి. లేదా లైసెన్సు అవసరం లేని 50 సీసీల లోపు బండితో తృప్తిపడాలి. 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, ఏ1 తరగతి లైసెన్సుతో 125 సీసీల వరకే నడుపవచ్చు. అంతకు మించితే వేరొక తరగతి కావాలి.

లైసెన్సు లేనివానిని చాలాసార్లు ఎవరూ ఆపరు. ఆ ధీమాయే అతనికి శత్రువు. ప్రమాదం జరిగి ఆసుపత్రిలో చేరిననాడు బీమా కంపెనీ అడిగే మొదటి కాగితం లైసెన్సే. అది లేకపోతే శస్త్రచికిత్స ఖర్చూ, స్వదేశానికి చేర్చే విమానం ఖర్చూ ఆ కుటుంబం నెత్తిన పడతాయి.

ఒక పరదేశి వెళ్ళిపోతూ మరొక పరదేశికి బండి అమ్మడం, మొదటి యజమాని పేరే పుస్తకంలో మిగిలిపోవడం ఒకప్పుడు సర్వసాధారణం. 2023 ఆగస్టు 15 నుండి నంబరు పలక బండికి గాక యజమానికి చెందుతున్నది. అమ్మినవాడు పలకను తిరిగి అప్పగించాలి. కనుక చేతులు మారిన బండిని తన పేర నమోదు చేయించుకొనే దారి తెలిసిన తరువాతనే డబ్బు చెల్లించడం మేలు. హెల్మెట్టు 2007 డిసెంబరు 15 నుండి తప్పనిసరి. వీధి చివర అమ్మే పలుచని టోపీ వంటిది పోలీసు కంటికి చాలునేమో గాని, రాతిని తాకినప్పుడు పుర్రెకు చాలదు.

వీధి పెట్టే పరీక్ష

ఇక పెద్ద బండ్ల మోజు. 175 సీసీలకు మించినవాటి దిగుమతిపై 2007 వరకు ఆంక్ష వుండేది. నేడు చెన్నైలో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సైతం అక్కడి రోడ్లపై కనిపిస్తుంది. దాని ఠీవికి సాటి లేదు. కాని 350 సీసీల ఎన్‌ఫీల్డ్ బరువు 195 కిలోలు. వేవ్ ఆల్ఫా అందులో సగం మాత్రమే. హనోయి సందులలో రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కు నడవాలి. రాత్రికి దానిని వాలు మీదుగా ముందు గదిలోకి నెట్టాలి. ఎక్స్‌ప్రెస్ రహదారులపై మోటారు సైకిళ్ళకు ప్రవేశమే లేదు గనుక ఆ శక్తిని చూపించే చోటూ తక్కువ.

చిన్న బండికి వున్న అండ వేరు. ఏ చెట్టు క్రింద చూసినా ఒక గాలిపంపు, ఒక నీళ్ళ తొట్టి, ఒక ముక్కాలిపీట వుంటాయి. "సువా సే" - బండి రిపేరు - అని అట్టముక్కపై వ్రాసి వుంటుంది. హనోయిలోని చో జోయ్ సంతలోనూ, సైగాన్ చోలాన్ ప్రాంతంలోని తాన్ థాన్ బజారులోనూ ఆ బండ్ల ప్రతి మరా దొరుకుతుంది. పోయిన అద్దాన్ని చో జోయ్‌లో వెతికి, తన అద్దాన్నే తిరిగి కొనుక్కోవచ్చునని నగరవాసులు నవ్వుతూ చెబుతారు. వానాకాలంలో మోకాటి లోతు నీటిలో బండి ఆగిపోయినప్పుడు ఈ అట్టముక్క బోర్డు విలువ తెలుస్తుంది. అక్కడి వానకోటుకు సైతం హెడ్‌లైటు వెలుగు కనిపించేలా ముందు భాగాన పారదర్శకమైన కిటికీ కుట్టి వుంటుంది. ఆ దేశపు సొగసు ఇటువంటి అమరికలలో వున్నది.

ఈ దృశ్యమూ మారుతున్నది. 2018లో విన్‌ఫాస్ట్ అనే స్వదేశీ కంపెనీ విద్యుత్ స్కూటర్లను అమ్మకానికి పెట్టింది. 2021లో హనోయికి, 2024లో సైగాన్‌కు మెట్రో రైలు వచ్చింది. హనోయి నడిబొడ్డున మొదటి వలయ రహదారి లోపల పెట్రోలు మోటారు సైకిళ్ళను నిలిపివేయడానికి 2026 జూలై 1ని గడువుగా సూచిస్తూ 2025 జూలైలో ప్రధానమంత్రి ఆదేశం వెలువడింది. అమలు ఎన్ని దశలలో జరిగినా దిశ మాత్రం తేటతెల్లం. నేడు పెట్రోలు బండి కొనే పరదేశి తన ఇల్లు ఆ వలయానికి లోపల వున్నదో, వెలుపల వున్నదో చూసుకోవాలి.

కొంతకాలం కాపురమున్న పరదేశీయులలో చాలామంది చివరకు కుదురుకొనేది చిన్న, తేలికైన, వీధి మెకానిక్కు కళ్ళు మూసుకొని విప్పగల బండితోనే. ముచ్చట తీరనివారు దాని సీటుకు కొత్త తోలు కుట్టిస్తారు, పాత కబ్ రంగు పూయిస్తారు, గుండ్రని అద్దాలు బిగిస్తారు. ఇంజను మాత్రం ఆ వీధి ఎరిగినదే వుంటుంది. కూడలిలో ఎర్రదీపం వద్ద ఆగినప్పుడు ప్రక్క బండి మీది కూరగాయల అమ్మి ఒకసారి చూసి, తల త్రిప్పుకొని, పచ్చదీపం కోసం చూస్తుంది. బండితో పాటు మనిషి కూడా ఆ ఊరికి పాతబడ్డాడనడానికి అదే గుర్తు.